డ్రంకెన్ డ్రైవ్‌లో పట్టుబడితే: ఊదిన నిమిషం నుంచి లైసెన్సు చేతికొచ్చేదాకా

"పదివేలు తెచ్చాను సార్. కట్టేసి డ్యూటీకి వెళ్లిపోతాను."

విజయవాడ కోర్టు వరండాలో ఈ మాట వినకుండా నాకు వారం గడవదు. ఆ మనిషి జేబులో డబ్బులుంటాయి, చేతిలో నాలుగు మడతలు పెట్టిన సమన్ల కాగితం ఉంటుంది. ఆ కాగితంలో ఏముందో మాత్రం చదివి ఉండడు. హెల్మెట్ లేనందుకు ఫోన్‌కి వచ్చే చలానా లాంటిదే ఇదీ అనుకుంటాడు. పేరు పిలుస్తారు, లోపలికి వెళ్తాడు, "తాగి నడిపావా?" అంటే "అవును సార్" అంటాడు. రెండు నిమిషాల్లో శిక్ష పడిన మనిషిగా బయటికొస్తాడు. లైసెన్సు సంగతేంటి, మళ్లీ దొరికితే ఏమవుతుంది, ఉద్యోగానికి పోలీసు వెరిఫికేషన్ వస్తే ఏం రాయాలి అన్న ప్రశ్నలన్నీ ఆ తర్వాతే మొదలవుతాయి.

అలా కాకూడదనే ఇది రాస్తున్నాను. నేను ఇలాంటి కేసుల్లో ముద్దాయిల తరఫునా నిలబడతాను, రోడ్డు ప్రమాదంలో మనిషిని పోగొట్టుకున్న కుటుంబాలకు నష్టపరిహారం కేసులూ వేస్తాను. కాబట్టి తాగి నడిపినవాడు ఎలా తప్పించుకోవాలో ఇక్కడ చెప్పను. మీ మీద కేసు పడితే ఏ దశలో ఏం జరుగుతుందో, ఏ కాగితం చూసుకోవాలో, ఎక్కడ నోరు విప్పాలో, ఎక్కడ ఊరుకోవాలో చెబుతాను. తప్పు ఒప్పుకోవడంలో తప్పులేదు. తెలియక ఒప్పుకోవడమే ప్రమాదం.

ముందు చట్టం ఏమంటుందో తెలుసుకోండి

1988 నాటి మోటారు వాహనాల చట్టంలో సెక్షన్ 185 దీని గురించే. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల కంటే ఎక్కువ ఆల్కహాల్ ఉండి, బండి నడిపినా, నడపబోయినా నేరమే. మొదటిసారైతే ఆరు నెలల దాకా జైలు, లేదా పదివేల జరిమానా, లేదా రెండూ. రెండోసారైతే రెండేళ్ల దాకా జైలు, లేదా పదిహేను వేలు, లేదా రెండూ. 2019 సవరణకు ముందు ఇవి రెండు వేలు, మూడు వేల లోపే ఉండేవి. "మా బాబాయికి రెండు వేలే వేశారు" అనే పాత లెక్కలు ఇప్పుడు చెల్లవు.

ఇంకో ముఖ్యమైన సంగతి. స్పాట్‌లో డబ్బు కట్టి రాజీ చేసుకోగలిగే నేరాల జాబితా సెక్షన్ 200లో ఉంది. అందులో 185 లేదు. అందుకే రోడ్డు మీద ఎవరికి ఎంత ఇచ్చినా కేసు చట్టప్రకారం ముగిసినట్టు కాదు. పైగా లంచం ఇవ్వడం కూడా నేరమే. ఈ కేసు కోర్టులోనే తేలాలి.

మీరు తాగకపోయినా, తాగాడని తెలిసి స్నేహితుడి చేతికి తాళాలిస్తే సెక్షన్ 188 కింద మీకూ అదే శిక్ష పడొచ్చు. ఫంక్షన్ హాల్ బయట "నువ్వే నడుపురా, నీకు బాగా అలవాటు" అనేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

బ్యారికేడ్ దగ్గర ఆపినప్పుడు

బెంజ్ సర్కిల్ దగ్గరో, రామవరప్పాడు రింగ్ దగ్గరో, వారధి దిగేచోటో పసుపు బ్యారికేడ్లు కనబడగానే కొందరు బండి వెనక్కి తిప్పి రాంగ్ రూట్‌లో పారిపోతారు. దయచేసి ఆ పని చేయకండి. ఆ రెండు వందల మీటర్లలోనే మనుషులు చచ్చిపోతారు. ఆపమన్న చోట ఆపి, ఇంజన్ ఆపేసి, కిందికి దిగండి.

బ్రెత్ ఎనలైజర్ మెషిన్‌లో ఊదమని అడిగే అధికారం యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారికి, రవాణా శాఖ అధికారికి సెక్షన్ 203 ఇస్తోంది. "నేను ఊదను" అంటే కేసు పోతుందనేది అపోహ. ఊదకపోతే, తాగాడని అనుమానించడానికి తగిన కారణం ఉంటే వారెంటు లేకుండానే అరెస్టు చేయొచ్చు. ఆ నిరాకరణనే మీకు వ్యతిరేకంగా వాడుకోవచ్చని సెక్షన్ 205 చెబుతోంది. ఆస్తమా లాంటి జబ్బుతో నిజంగా ఊదలేకపోతే ఆ మాట చెప్పి, రక్త పరీక్ష చేయించమని అడగండి. సరైన కారణం ఉంటే చట్టం దాన్ని లెక్కలోకి తీసుకుంటుంది.

ఊదే ముందు నాలుగు విషయాలు మర్యాదగా అడగండి, గమనించండి.

ఒకటి, మౌత్‌పీస్. కవరు చింపి కొత్తది పెట్టమనండి. ముందొకరు ఊదిన గొట్టంలోనే మీ చేత ఊదించకూడదు.

రెండు, మెషిన్ మీ ముందు సున్నా చూపించాలి. ఆ తర్వాతే ఊదండి.

మూడు, గత పది పదిహేను నిమిషాల్లో మౌత్‌వాష్‌తో పుక్కిలించి ఉన్నా, ఆల్కహాల్ కలిసిన దగ్గు మందో హోమియో మందో వేసుకుని ఉన్నా వెంటనే చెప్పండి. నోట్లో మిగిలిన ఆల్కహాల్ వల్ల రీడింగ్ ఎక్కువగా వస్తుంది. అది కాసేపట్లో పోతుంది. కాబట్టి నీళ్లతో నోరు పుక్కిలించి, పావుగంట ఆగి మళ్లీ ఊదుతానని అడగండి. పొట్టలోకి వెళ్లిన మద్యం మాత్రం నీళ్లతోనో, కిళ్లీతోనో, నిమ్మకాయతోనో పోదు.

నాలుగు, స్లిప్పు. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి.

రీడింగ్ వచ్చాక మెషిన్ నుంచి చిన్న కాగితం వస్తుంది, బస్సు టికెట్ అంత ఉంటుంది. దాని మీద తేదీ, టైము, మెషిన్ నంబరు, రీడింగ్, మీ పేరు, బండి నంబరు ఉంటాయి. సంతకం పెట్టే ముందు వీధిలైటు కిందికి జరిగి ఒక్కొక్క అంకె చదవండి. బండి నంబరులో ఒక అంకె తేడా ఉన్నా, టైము అరగంట వెనకో ముందో ఉన్నా అక్కడే చెప్పండి. కాపీ అడగండి, ఇవ్వకపోతే ఫోన్‌తో ఫోటో తీసుకుంటానని అడగండి. కాపీ చేతికొస్తే మర్నాడే జిరాక్స్ తీయించండి. అది థర్మల్ కాగితం, పర్సులో పెట్టుకుంటే నెలా రెండు నెలల్లో అక్షరాలు వెలిసిపోతాయి. ఒకసారి నా దగ్గరకు ఒకతను మూడు నెలల నాటి స్లిప్పు తెచ్చాడు. ట్యూబ్‌లైట్ కింద ఎంత తిప్పి చూసినా తెల్లకాగితమే. పోలీసు ఫైలులో ఉన్న నంబరుతో పోల్చి చూసుకోవడానికి మా దగ్గర ఏమీ మిగల్లేదు.

ఇక అన్నిటికంటే పెద్ద తప్పు గొడవపడటం. 185 బెయిలబుల్ కేసు. అదే కానిస్టేబుల్ కాలర్ పట్టుకున్నారా, తోశారా, విధుల్లో ఉన్న ప్రభుత్వ ఉద్యోగిపై దాడి కింద భారతీయ న్యాయ సంహితలోని సెక్షన్ 132 పడుతుంది, అది నాన్ బెయిలబుల్, అంటే బెయిల్ హక్కుగా రాదు. రాత్రికి ఇంటికి వెళ్లాల్సిన మనిషి రిమాండ్‌కి వెళ్లడం నేను చూశాను. "నేనెవరో తెలుసా" అనే మాట నోట్లోనే ఉంచుకోండి. వీడియో తీయాలనిపిస్తే పక్కనున్న స్నేహితుణ్ణి దూరంగా నిలబడి తీయమనండి.

స్టేషన్‌కి తీసుకెళ్తే

ప్రతి కేసులోనూ అరెస్టు చేయరు. చాలాసార్లు నోటీసు ఇచ్చి ఫలానా రోజు రమ్మంటారు. అరెస్టు చేస్తే మాత్రం ఈ విషయాలు గుర్తుంచుకోండి.

అరెస్టుకు కారణం మీకు చెప్పాలి. మీ ఇంట్లోవాళ్లకో, మీరు చెప్పిన మనిషికో కబురు చేయాలి. సెక్షన్ 185 కింద అరెస్టు చేసినవాళ్లకు రెండు గంటల్లోపు రిజిస్టర్డ్ డాక్టరు చేత పరీక్ష చేయించాలని, చేయించకపోతే కస్టడీ నుంచి వదిలేయాలని సెక్షన్ 202 చెబుతోంది. అందుకే అరెస్టు టైము ఎంత, ఆసుపత్రికి తీసుకెళ్లిన టైము ఎంత అన్నది మీరో, మీతో వచ్చినవారో రాసిపెట్టుకోండి. ఒక్క మాట మాత్రం స్పష్టంగా చెప్పాలి. రెండు గంటలు దాటగానే కేసు కొట్టేస్తారని చాలామంది నమ్ముతారు. చట్టం చెప్పింది కస్టడీ నుంచి వదలమని మాత్రమే. వాదనలో ఆ పాయింటు పనికొస్తుంది కానీ దాన్ని నమ్ముకుని నిశ్చింతగా కూర్చోకండి.

రక్తం తీస్తే, సూది గుచ్చే చోట స్పిరిట్ దూదితో తుడవకూడదు. స్పిరిట్ అంటేనే ఆల్కహాల్. సీసాకి మీ ముందే సీలు వేశారా, లేబుల్ మీద పేరు, టైము సరిగా రాశారా చూడండి. ఆడవాళ్ల విషయంలో మహిళా డాక్టరే తీయాలి, లేదా మరో మహిళ సమక్షంలో తీయాలి.

బెయిల్ ఇక్కడ హక్కు, దయ కాదు. స్టేషన్‌లోనే ఇవ్వొచ్చు. ఇంటి నుంచి ఎవరినైనా మీ ఆధార్‌తో, జామీను ఉండేవాళ్ల ఆధార్, ఇంటి పన్ను రసీదుతో రమ్మనండి. ఆ రాత్రి ఏ కాగితం మీదైనా సంతకం అడిగితే, ముందు చదవండి. చదివే స్థితిలో లేకపోతే వచ్చినవాళ్లచేత చదివించుకోండి. ఖాళీ కాగితం మీద మాత్రం పెట్టకండి.

బండి సంగతి. మీతో తాగని మనిషి, లైసెన్సు ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే బండి వాళ్లకి అప్పగించమని అడగండి. 2021లో తెలంగాణ హైకోర్టు సరిగ్గా ఇదే చెప్పింది: డ్రంకెన్ డ్రైవ్ పేరుతో బండి సీజ్ చేసి ఉంచుకోకూడదు, తాగనివాళ్లు వెంట ఉంటే ఇవ్వాలి, లేకపోతే బంధువులకు కబురు చేయాలి. అది తెలంగాణ తీర్పు కాబట్టి మన దగ్గర పోలీసులు దానికి కట్టుబడి తీరాలని లేదు, కానీ మన కోర్టుల ముందు చూపించుకోవచ్చు. మర్నాడు ఆర్‌సీ, ఇన్సూరెన్స్, మీ గుర్తింపు కార్డు పట్టుకెళ్లి అడిగితే చాలావరకు ఇచ్చేస్తారు. ఇవ్వకపోతే కేసు తేలేదాకా బండి మీకు అప్పగించమని కోర్టులో ఇంటెరిమ్ కస్టడీ పిటిషన్ వేయాలి. బళ్లను స్టేషన్ ఆవరణలో నెలల తరబడి తుప్పు పట్టనివ్వొద్దని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది.

మర్నాడు ఉదయం

తల దిమ్ముగా ఉన్నా సరే, నిన్న రాత్రి జరిగింది వరసగా కాగితం మీద పెట్టండి. ఎక్కడ ఆపారు, ఎన్నింటికి, వెంట ఎవరున్నారు, ఎన్నిసార్లు ఊదించారు, ఏం తిన్నారు, ఏం మందులు వేసుకున్నారు. వారం తర్వాత ఇందులో సగం గుర్తుండదు. ఎంత తాగారో కూడా నిజం రాయండి. మీ లాయరుకి అబద్ధం చెబితే నష్టపోయేది మీరే. ఈ కాగితం మీ లాయరుకి తప్ప ఎవరికీ చూపించకండి, వాట్సాప్‌లో పెట్టకండి.

లైసెన్సు తీసుకుని ఉంటే దానికి రసీదు అడగండి. పోలీసులు దాన్ని రవాణా శాఖకు పంపుతారు. అక్కడి నుంచి మీకు నోటీసు వస్తుంది, మీ వాదన వినకుండా లైసెన్సు మీద నిర్ణయం తీసుకోకూడదు. ఆటో, లారీ, క్యాబ్ నడుపుకునేవాళ్లకి కోర్టు జరిమానా కన్నా ఈ నోటీసే బతుకు సమస్య. దాన్ని పక్కన పడేయకండి. పాత చలానాలేమీ లేవనో, ఇల్లు దీనిమీదే గడుస్తుందనో రాసి, రుజువులతో స్వయంగా వెళ్లండి. ఆర్డరు మీకు వ్యతిరేకంగా వస్తే ముప్పై రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు.

లాయరుకి ఇచ్చే స్థోమత లేకపోతే 15100కి ఫోన్ చేయండి, అది న్యాయ సేవాధికార సంస్థల హెల్ప్‌లైన్. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు, కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయరునిస్తారు. విజయవాడ, గుంటూరు కోర్టుల ఆవరణల్లోనే వాళ్లను కలవొచ్చు.

కోర్టు రోజు

సమన్లు వచ్చాక వెళ్లకపోవడమే నేను చూసే మామూలు తప్పు. ఆటోనగర్‌లో పనిచేసే ఒక మెకానిక్ "సెలవు దొరకలేదు సార్" అని రెండు వాయిదాలు వదిలేశాడు. మూడోసారి వారెంటు వచ్చింది. షెడ్డులో ఓనరు ముందు, తను పని నేర్పే పిల్లల ముందు కానిస్టేబుల్ వచ్చి నిలబడ్డాడు. జరిమానా కన్నా ఆ పూట ఎక్కువ బాధపెట్టిందని నాతో అన్నాడు. ఈకోర్ట్స్ యాప్‌లో మీ కేసుకి కోర్టు ఇచ్చే ప్రత్యేక నంబరు (సీఎన్‌ఆర్) పెట్టుకుంటే తర్వాతి వాయిదా తేదీ కనబడుతుంది. రాలేని పరిస్థితి ఉంటే లాయరు ద్వారా ముందే పిటిషన్ వేయించండి.

ఉదయం పదింటికల్లా కోర్టుకు చేరుకోండి. చార్జిషీటు, జతచేసిన కాగితాల కాపీలు అడిగి తీసుకోండి, అవి ఉచితం. ఇప్పుడు నిర్ణయం తీసుకోవాలి: ఒప్పుకోవాలా, వాదించాలా?

కాగితాల్లో ఇవి చూడండి. స్లిప్పు మీద టైము, కేసులో రాసిన టైము ఒకటేనా? మెషిన్ కేంద్రం ఆమోదించిన రకమేనా, దాన్ని ఎప్పుడు సరిచూశారో తెలిపే సర్టిఫికెట్ ఉందా? రీడింగ్ 30 దాటిందా? 34, 36 లాంటి అంచు రీడింగ్ అయితే మెషిన్ కచ్చితత్వం గురించి అడగడం న్యాయమే. 140 వచ్చినప్పుడు ఆ వాదనలో బలం ఉండదు. బండి నడిపింది మీరేనని ఎవరు చూశారు? బైకు మీద ఇద్దరున్నప్పుడు, పక్కన ఆపిన కారులో నిద్రపోతున్నప్పుడు ఇది అసలు ప్రశ్న అవుతుంది. జరిగింది చట్టం చెప్పే పబ్లిక్ ప్లేసులోనేనా? అందరూ తిరిగే రోడ్డు వేరు, గేటు వేసి ఉన్న అపార్ట్‌మెంట్ సెల్లారు వేరు. రక్తం తీసి ఉంటే సీసా ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి ఎప్పుడు వెళ్లిందో రాసి ఉందా?

వీటిలో నిజమైన లోపం కనబడితే వాదించండి. నేరం రుజువు చేయాల్సింది ప్రాసిక్యూషన్. అధికారిని క్రాస్ ఎగ్జామిన్ చేసే హక్కు మీకుంది. ఏ లోపమూ లేకుండా, నిజంగా తాగి నడిపి, వాయిదాలు సాగదీస్తే ఏదో ఒకటి అవుతుందని వాదించడాన్ని నేను ఎవరికీ సలహా ఇవ్వను. రోజు కూలీ పోతుంది, ఫీజులు పెరుగుతాయి, చివరికి శిక్ష అదే.

ఒప్పుకోవాలనుకుంటే, దాని బరువు తెలిసి ఒప్పుకోండి. అది శిక్ష కింద రికార్డవుతుంది. తర్వాత అప్పీలుకు వెళ్లినా శిక్ష ఎక్కువైందనో, చట్టప్రకారం లేదనో తప్ప, నేరమే చేయలేదని చెప్పే వీలు దాదాపు ఉండదు. మళ్లీ దొరికితే అది రెండోసారి కింద లెక్క. సెక్షన్ 185లో శిక్ష పడితే కోర్టు కనీసం ఆరు నెలలు లైసెన్సుకు అనర్హుణ్ణి చేయాలని సెక్షన్ 20 చెబుతోంది. అందుకే ఒప్పుకునే ముందు లాయరు ద్వారా మెజిస్ట్రేట్‌కి మీ పరిస్థితి చెప్పించండి: మొదటి తప్పు, ఎవరికీ దెబ్బ తగల్లేదు, ఇల్లు మీ మీదే ఆధారపడి ఉంది, డీఅడిక్షన్‌కి వెళ్తున్నారు. వెళ్తుంటేనే చెప్పండి, డాక్టరు కాగితం చూపించండి. 1958 నాటి ప్రొబేషన్ చట్టం కింద మందలించి వదిలేయమని అడగొచ్చు, ఇవ్వడం ఇవ్వకపోవడం మెజిస్ట్రేట్ ఇష్టం. జరిమానా కట్టాక రసీదు, తీర్పు సర్టిఫైడ్ కాపీ తీసుకోకుండా కోర్టు గేటు దాటకండి.

మనిషికి దెబ్బ తగిలి ఉంటే

ఇప్పటిదాకా చెప్పింది ఉత్త 185 కేసు గురించి. ఎవరికైనా దెబ్బ తగిలినా, ప్రాణం పోయినా సంగతి పూర్తిగా వేరు. ముందు గాయపడ్డవాళ్లను ఆసుపత్రికి చేర్చండి, 108కి ఫోన్ చేయండి, పోలీసులకు చెప్పండి. సెక్షన్ 134 ప్రకారం అది మీ బాధ్యత. చట్టం సంగతి పక్కనబెట్టినా, రోడ్డు మీద రక్తం కారుతున్న మనిషిని వదిలి పారిపోయాక ఆ రాత్రిని జీవితాంతం మోయాలి. తాగి నడిపి ప్రాణం తీసిన ఢిల్లీ కేసులో 2012లో సుప్రీంకోర్టు దాన్ని ఉత్త నిర్లక్ష్యంగా చూడకుండా, హత్య కిందికి రాని ప్రాణహరణ నేరంగా నిర్ధారించింది. అలాంటి సెక్షన్ నాన్ బెయిలబుల్. ఆ రాత్రే క్రిమినల్ లాయరును పిలవండి, మర్నాటిదాకా ఆగకండి. మీ కారు రిపేరుకి ఇన్సూరెన్స్ వస్తుందని ఆశపెట్టుకోకండి. తాగి నడిపినట్టు తేలితే కంపెనీ మీ సొంత బండి నష్టానికి చెల్లించనక్కర్లేదు.

బండి ఎప్పుడు ముట్టుకోవచ్చు

ఇది చాలామంది అడిగే ప్రశ్న. వంద మిల్లీలీటర్ల రక్తంలో ఉన్న ఆల్కహాల్‌ను శరీరం గంటకు సుమారు 15 మిల్లీగ్రాములు దించుతుంది. మనిషిని బట్టి కొంచెం అటూ ఇటూ. అర్ధరాత్రి పన్నెండుకు 150 ఉన్నవాడు 30కి దిగడానికి ఎనిమిది గంటలు పడుతుంది. అంటే ఉదయం ఎనిమిదింటికి స్నానం చేసి, ఇడ్లీ తిని, పిల్లని స్కూల్లో దింపడానికి బందరు రోడ్డెక్కిన నాన్న ఇంకా హద్దు మీదే ఉంటాడు. తనకు మత్తు లేదనిపిస్తుంది, మెషిన్ మాత్రం ఉందంటుంది. కాఫీ, చన్నీళ్ల స్నానం, మజ్జిగ ఆ లెక్కను మార్చవు. పెళ్లి రాత్రి తాగితే మర్నాడు పొద్దున పిల్లని ఆటోలో పంపండి.

లైసెన్సు తిరిగి తెచ్చుకోవడం

అనర్హత గడువు ఏ తేదీతో ముగుస్తుందో ఆర్డరులో చూసుకోండి. ఆ లోపు ఏ బండీ నడపకండి, పక్క వీధిలోకైనా సరే. అనర్హత ఉండగా నడిపితే అది ఇంకో నేరం. గడువు ముగిశాక జరిమానా రసీదు, తీర్పు కాపీ, రవాణా శాఖ ఇచ్చిన ఆర్డరు, గుర్తింపు కార్డు జిరాక్సులు రెండేసి సెట్లు పెట్టుకుని ఆఫీసుకు వెళ్లండి. రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి, దాని నకలు మీద ముద్ర వేయించుకోండి. బ్రోకర్ల చేతిలో ఒరిజినల్ కాగితాలు పెట్టకండి. వెళ్లేటప్పుడు బస్సులో వెళ్లండి, లైసెన్సు చేతికొచ్చాకే బండి తీయండి.